ఒకసారి వచ్చిన డెంగీ మళ్లీ రాదా?

వానలు మొదలైతే చాలు, హోసూరులోనైనా బళ్లారిలోనైనా రాయగడలోనైనా ఒకటే మాట. 'మావాడికి పోయినేడే డెంగీ వచ్చిపోయింది, ఇంక భయం లేదు' అని. తట్టు విషయంలో ఈ ధీమా సరిపోతుంది. డెంగీ దగ్గర మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

ఒంట్లోకి కొత్త క్రిమి దూరగానే తెల్ల రక్తకణాలు కొన్ని దానిమీద పడతాయి. జ్వరం ఆ పోరాటంలో భాగమే. ఆ క్రిమికే సరిగ్గా అతికే యాంటీబాడీలు తయారవడానికి మాత్రం నాలుగైదు రోజులు పడుతుంది. అందుకే తొలి రోజుల్లో ఎన్‌ఎస్‌1 పరీక్ష, అయిదో రోజు తర్వాత ఐజీఎం పరీక్ష చేయిస్తారు. రెండో రోజే ఐజీఎం చేయించి 'ఏమీ లేదట' అని నిమ్మళంగా కూర్చుంటే మోసపోయినట్టే. జబ్బు తగ్గాక కూడా కొన్ని కణాలు ఆ క్రిమిని గుర్తుపెట్టుకుని ఏళ్ల తరబడి ఉంటాయి. తట్టు మళ్లీ రాకపోవడం వాటి చలవే.

డెంగీతో చిక్కేమిటంటే ఆ వైరస్‌లు నాలుగు రకాలు. వచ్చిపోయిన రకం మీద రక్షణ ఏళ్ల తరబడి నిలుస్తుంది, మిగతా మూడింటి మీద కొన్నాళ్లే. తర్వాత వేరే రకం సోకితే పాత యాంటీబాడీలు దానికి అంటుకుంటాయిగానీ అణచలేవు. యాంటీబాడీ అంటిన క్రిమిని మింగడం కొన్ని తెల్లకణాల పని. అలా మింగిన కణంలోనే వైరస్ పెరుగుతుంది. కాపలావాడే దొంగకు తలుపు తీసినట్టన్నమాట. రెండోసారి అందరికీ ముదురుతుందని కాదు, ముదిరే ప్రమాదం ఎక్కువ. ఫిలిప్పీన్స్‌లో లక్షల మంది పిల్లలకు డెంగ్‌వాక్సియా టీకా వేశాక, 2017లో తయారీ సంస్థే ఒక సంగతి బయటపెట్టింది. అంతకుముందు డెంగీ రానివాళ్లు ఆ టీకా వేసుకుంటే, తర్వాత సోకినప్పుడు జబ్బు తీవ్రమయ్యే అవకాశం ఉందని. ఇదీ ఆ కోవలోదే.

కర్ణాటక 2024 సెప్టెంబరులో డెంగీని అంటువ్యాధిగా ప్రకటించి, దోమలు పెరిగేలా నీళ్లు నిలవుంచితే జరిమానా అంది. మంచిదే. సరిహద్దు మనుషులకు కావాల్సింది ఇంకొకటుంది. హోసూరు వాళ్లు బెంగళూరుకు, బళ్లారి వాళ్లు అనంతపురానికి, రాయగడ వాళ్లు విశాఖకు, యానాం వాళ్లు కాకినాడకు వైద్యానికి పరుగెత్తుతారు. అక్కడి డాక్టరు 'ఇంతకుముందు డెంగీ వచ్చిందా?' అంటే, 'ఏదో విషజ్వరమన్నారండీ' అంటారు. పాత చీటీ ఎప్పుడో పొట్లానికి పోయి ఉంటుంది. అన్ని జ్వరాలకూ విషజ్వరమని పేరుపెట్టి అలవాటు చేసిన పాపంలో తెలుగు పత్రికలకూ వాటా ఉంది. ఏ ఏడు, ఏ పరీక్షలో డెంగీ తేలిందో ఆస్పత్రులు చీటీ మీద స్పష్టంగా రాసివ్వాలి, ఇంటివాళ్లు దాన్ని రేషన్‌కార్డులా దాచుకోవాలి. తొలిసారి డెంగీ కొందరికి తెలియకుండానే పోతుంది కాబట్టి, చీటీ లేనంత మాత్రాన రాలేదని అనుకోకూడదు.

ఇళ్లలో అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల లెక్క మీదే. అసలు గండం జ్వరం దిగేటప్పుడు. రక్తంలోని ద్రవం నాళాల నుంచి బయటికి కారిపోయేది ఆ ఒకటి రెండు రోజుల్లోనే. జ్వరం తగ్గిందని సెలైన్ తీయించి ఇంటికి తీసుకెళ్లిపోయేదీ అప్పుడే. విపరీతమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మగతగా అయిపోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు. ఈ నాలుగు ముక్కలూ సరిహద్దు ఆరోగ్యకేంద్రాల గోడల మీద కన్నడం, తమిళం, ఒడియాల పక్కన తెలుగులోనూ రాయించడానికి డబ్బా రంగు చాలు.