అత్తమ్మ జీరో టికెట్టు

మా మేనత్తకు డెబ్బై ఆరేళ్లు. జహీరాబాదుకు పదిహేను కిలోమీటర్ల దూరాన, ఝరాసంగం వైపు వొక పల్లెలో వొంటరిగా వుంటుంది. కొడుకులు రమ్మంటారు, ఈమె పోదు. కుడికంట శుక్లం ముదిరిందని తెలిసి, డాక్టరుకు చూపిస్తాను రమ్మని కిందటి నెలలో ఫోను చేశాను.

“బస్సుకు పైసలు కూడా అక్కర్లేదు గదా అత్తమ్మా! ఆధార్ కార్డు చూపిస్తే చాలు,” అన్నాను, క్లాసులో పాఠం చెప్పే ధోరణిలో.

“పైసల్లేకుంట తీస్కపోతరు బిడ్డా. గని తీస్కపోను బస్సు రావాలె గద!” అన్నది.

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు జవాబు తోచలేదు.

టికెట్టు సంగతి తీసిపారేసేది కాదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేదు. కొంగున చిల్లర ముడివేసుకొని, చాలదేమోనని కోడలి ముఖం చూసే ముసలమ్మ, ఇవాళ ఎవరినీ అడగకుండా కూతురింటికి పోయి వస్తున్నది. అయితే ముసలాయనకు ఈ పథకంలో చోటు లేదు. మా బస్టాండులో చూస్తుంటాను: “నువ్వు పోయి రా, నాకేం పని” అని భార్యను ఎక్కించి, బెంచీమీద కూర్చుండిపోయే పెద్దమనిషి ఎక్కడికి పోవాలనుకున్నాడో ఎవరూ అడగరు.

మాకు ఇంకొక చిక్కు కూడా వుంది. జహీరాబాదుకు బీదరు దగ్గర. పిల్లనిచ్చినా, పిల్లను తెచ్చుకున్నా సగం చుట్టరికాలు అక్కడే. మన జీరో టికెట్టు రాష్ట్రపు పొలిమేర దాకానే చెల్లుతుంది. ఆపైన చార్జీ పెట్టాలి. కర్ణాటకలో 2023 జూన్ 11న శక్తి పథకం మొదలయింది గాని, అది ఆ రాష్ట్రపు ఆడవాళ్లకు. వియ్యపురాళ్లిద్దరూ ఖర్చు లేకుండా కలుసుకోవాలంటే పొలిమేరరాయి మీద కూర్చోవాలన్నమాట! రైలెక్కుదామా అంటే, అరవై దాటిన మగవాళ్లకు నూటికి 40, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు 50 చొప్పున తగ్గించే రాయితీని 2020 మార్చిలో ఆపేశారు.

ఈ ప్రాంతానికి సర్కారు బస్సు కొత్తది కాదు. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలుపెట్టారు. 1951లో అది హైదరాబాదు ప్రభుత్వం చేతికి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కిందికి వచ్చింది. బస్సు నంబరులో ఇవాళ్టికీ కనిపించే ‘జడ్’ అక్షరం, ఏడవ నిజాము తన తల్లి జహ్రా బేగం పేరు నిలవాలని పెట్టించినదేనని చెప్పుకుంటారు. అంటే ప్రతి బస్సు ముఖానా వొక తల్లి పేరు వున్నట్లే.

మా అత్తమ్మ పల్లెకు మునుపు రాత్రి బస్సు వుండేది. ఆఖరు ట్రిప్పు వచ్చి అక్కడే ఆగేది. డ్రైవరు, కండక్టరు పల్లెలోనే పడుకొని, తెల్లవారి మొదటి ట్రిప్పుగా పట్నానికి తిప్పేవారు. పాలక్యాన్లు, బడిపిల్లలు, ఆస్పత్రికి పోయే ముసలివాళ్లు అందులోనే. కండక్టరుకు పొద్దుటి చాయ అత్తమ్మ అరుగుమీదే. ఆమె రాకపోతే బస్సు కదిలేది కాదట. అది ఆమె చెప్పే మాట, కొంత తగ్గించి నమ్ముతాను. వొక వానాకాలం కల్వర్టు కుంగింది. బస్సు మూడు కిలోమీటర్ల ఇవతల మలుపు దగ్గరే ఆగడం మొదలుపెట్టింది. కల్వర్టును బాగుచేశారు గాని, బస్సుకు ఆ మలుపు అలవాటయిపోయింది.

ఆరోజు పక్కింటి కుర్రాడు మోటారుసైకిలు మీద ఆమెను మలుపు దాకా దించాడు. బస్సు మొదటి మెట్టు ఆమె మోకాలికి పైన. ముందు చేతిసంచి లోపల పెట్టి, రెండు చేతులా కమ్మీ పట్టుకొని, వొక కాలు ఎత్తేలోపల వెనకనుంచి తోపులాట. వృద్ధులకని రాసిన సీట్లో కాలేజీ పిల్లలు, బహుశా నా శిష్యులే! నిలబడి వచ్చింది. బస్టాండులో దింపుకొని ఆస్పత్రికి తీసుకుపోయేసరికి చీటీలు ఇవ్వడం ఆపేశారు. మర్నాడు చూపించాను. ఆపరేషను చేయాలి, పొద్దున ఎనిమిదింటికల్లా వుండాలి అన్నారు.

“ముందురోజే వచ్చి మా ఇంట్ల పండుకో అత్తమ్మా.”

“కోళ్లను ఎవరు కమ్ముతరు?”

ఆటో వుందిగా అంటారు మీరు. వుంది. మా వూళ్లో మహీంద్రా కర్మాగారమే వున్నది, మూడుచక్రాల బండ్లు ఇక్కడే తయారవుతాయి. కాని పల్లె ఆటో నిండితేనే కదులుతుంది. ఎనిమిది గంటల ఆపరేషనుకు అది ఎప్పుడు నిండాలి?

చివరకు బస్సువాళ్ల ఆఫీసుకు అర్జీ రాయమన్నది. ‘మహారాజశ్రీ’తో మొదలుపెట్టి రెండు పేజీలు రాసి, ఫోనులో చదివి వినిపించాను.

“గంతగనం ఎందుకు బిడ్డా! పొద్దుగాల ఏడింటికి బస్సు రావాలె. ముసలోల్లు ఎక్కేదాంక ఆగాలె. గంతే రాయి.”

అంతే రాశాను. పల్లెలో సంతకాలు, వేలిముద్రలు కలిపి ముప్పైకి పైగా వచ్చాయి. సోమవారం ఇద్దరం వెళ్లి ఇవ్వాలి. తాను ఎట్లా వస్తుందని అడిగాను.

ఆటో మాట్లాడుకున్నదట.