'నిజ ఘటనల ఆధారంగా' - ఎంత నిజం, ఎంత ఆధారం?

ఈ మధ్యకాలంలో చాలా సినిమాలు ఒకే వాక్యంతో మొదలవుతున్నాయి: 'ఇది నిజ ఘటనల ఆధారంగా తీసిన చిత్రం'. 2022లో 'ది కశ్మీర్ ఫైల్స్', 2023లో 'ది కేరళ స్టోరీ' వచ్చాయి. 2024 మార్చి 15న తెలుగులోనే తీసిన 'రజాకార్' విడుదలయింది. సినిమా హాలు గడప తొక్కని వారికి సైతం ఇటువంటి చిత్రాల ముక్కలు సెల్‌ఫోన్‌లో చేరుతున్నాయి. ఏలూరులోనో, తాడేపల్లిగూడెంలోనో బడికి వెళ్ళే ముస్లిం పిల్లవాణ్ణి తోటి విద్యార్థి 'మీవాళ్ళు అప్పుడు అలా చేశారట కదా' అని అడిగితే ఏం చెప్పాలి? కోపగించుకోవడం జవాబు కాదు. తల వంచుకోవడం అంతకంటే కాదు. విషయం తెలిసి ఉండడమే జవాబు.

ముందుగా ఒక తేడా గమనించాలి. డాక్యుమెంటరీ అంటే నిజమైన మనుషులను, స్థలాలను, పత్రాలను చూపుతూ తీసేది. డాక్యుడ్రామా అంటే జరిగిన సంఘటనను నటుల చేత ఆడించి చూపేది. అందులో సంఘటన చరిత్రదే కావచ్చు, మాటలు మాత్రం రచయితవి. కన్నీళ్ళు నటులవి. నేపథ్య సంగీతం ఎవరి మీద జాలి కలగాలో, ఎవరి మీద ద్వేషం కలగాలో ముందే నిర్ణయిస్తుంది. చూసేవారికి మాత్రం అంతా కళ్ళారా చూసిన చరిత్రే అనిపిస్తుంది.

చరిత్రలో మూడు పుటలు

రజాకార్ల దౌర్జన్యాలు కల్పితం కావు. కాసిం రజ్వీ నాయకత్వంలోని ఆ దళాలు తెలంగాణ పల్లెలను పీడించాయి. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జరిగిన మారణకాండను ఆ ప్రాంతం నేటికీ మరువలేదు. దీన్ని దాచడం గాని, తగ్గించి చెప్పడం గాని ఏ ముస్లింకూ తగదు. ఇది మొదటి పుట.

అదే ఆగస్టులో హైదరాబాదులో 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ హత్యకు గురయ్యాడు. హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం. కవి మఖ్దూం మొహియుద్దీన్ నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించిన కమ్యూనిస్టు నాయకుడు. అంటే నాటి పోరు రెండు మతాల మధ్య పోరు కాదు, పాలకులకూ పాలితులకూ మధ్య పోరు. ఇది రెండవ పుట.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. ఆ తరువాత జరిగినది మూడవ పుట. ప్రధాని నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు ఆ ఏడాది చివర సంస్థానంలో పర్యటించారు. పోలీసు చర్య సమయంలోనూ, ఆ తరువాతా 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారని వారు అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. ముస్లింలను కాపాడడానికి ప్రాణాలకు తెగించిన హిందువులనూ ఆ నివేదిక ప్రస్తావించింది. ముఖ్యంగా ముస్లిం నేతగాళ్ళకు హిందూ నేతగాళ్ళు అండగా నిలిచారని పేర్కొంది. తివాచీ నేతకు పేరుపొందిన ఏలూరు వాసులు గుర్తుంచుకోదగిన మాట ఇది.

మూడు పుటలున్న చరిత్రలో ఒక్క పుటనే చించి తెరపై అతికిస్తే అందులో ప్రతి దృశ్యమూ నిజమే కావచ్చు, మొత్తం మాత్రం అబద్ధమవుతుంది. ఈ సూత్రం మనకూ వర్తిస్తుంది. మూడవ పుటను మాత్రమే చెప్పి మొదటి పుటను దాటవేసేవారు కూడా అదే తప్పు చేస్తున్నారు.

మన జిల్లాల సంగతి

ఇక గోదావరి జిల్లాల ముస్లింలకు ఈ కథతో ఉన్న సంబంధం ఎంత? 1753లో నిజాం సలాబత్ జంగ్ ఏలూరు సర్కారును మరి మూడు సర్కారులతో కలిపి ఫ్రెంచి సేనాని బుస్సీకి అప్పగించాడు. 1766 ఒప్పందంతో ఈ ప్రాంతం ఆంగ్లేయుల కంపెనీ పరమైంది. అంటే రజాకార్ల కాలానికి 182 సంవత్సరాల ముందే ఏలూరు నిజాం చేజారింది. తివాచీ నేసిన కుటుంబం గాని, కొల్లేటి గట్టున బతికిన కుటుంబం గాని 1948లో మద్రాసు రాష్ట్ర పౌరులు. సంస్థానంలో వేధింపులకు గురైనవారు సరిహద్దు దాటి తలదాచుకున్నది ఇటు బెజవాడ వైపే. అయినా సినిమా చూసి వచ్చినవారి దృష్టిలో ఈ తేడాలేవీ ఉండవు. పేరు చూసి లెక్క అడుగుతారు. ఒక పాలకుని నేరానికి, ఆ పాలన కిందనే లేని సామాన్యుని మనుమణ్ణి జవాబుదారీ చేయడం ఏ న్యాయం?

నిషేధం పరిష్కారమా?

ఇటువంటి చిత్రాలు వచ్చినప్పుడల్లా నిషేధించాలన్న డిమాండ్ వినిపిస్తుంది. ఆవేదన అర్థం చేసుకోదగినదే. కాని అనుభవం వేరే పాఠం చెబుతోంది. 1988లో దేశ విభజన మీద గోవింద్ నిహలానీ తీసిన 'తమస్' ధారావాహికను దూరదర్శన్‌లో ఆపాలని కొందరు కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. మతోన్మాదం ఎటువంటి విషమో ఆ ధారావాహిక చూపుతున్నదని భావించింది.

నిషేధపు కత్తి రెండు వైపులా తెగుతుంది. అయోధ్య వివాదంపై ఆనంద్ పట్వర్ధన్ 1992లో పూర్తి చేసిన 'రామ్ కే నామ్' జాతీయ అవార్డు పొందిన డాక్యుమెంటరీ. 2024 జనవరిలో హైదరాబాదులో దాని ప్రదర్శనను మధ్యలోనే ఆపి, నిర్వాహకులను అరెస్టు చేశారు. గుజరాత్ అల్లర్లపై బీబీసీ తీసిన డాక్యుమెంటరీని 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ఇంటర్నెట్‌లో అందకుండా చేసింది. కాబట్టి నిషేధాన్ని కోరేవారు అది ముందుగా ఎవరి గొంతు మీద పడుతుందో ఆలోచించాలి.

నిషేధం కంటే బలమైన ఆయుధం ఒకటుంది. అది ఆధారం అడగడం. 'ది కేరళ స్టోరీ' విషయంలో జరిగిందదే. 32 వేల మంది మతం మారారన్న సంఖ్యకు ఆధారమేదని ప్రశ్న వచ్చింది. 2023 మే నెలలో సుప్రీంకోర్టు పశ్చిమ బెంగాల్ విధించిన నిషేధాన్ని పక్కన పెట్టింది. అదే సమయంలో ఆ సంఖ్యకు ప్రామాణికమైన సమాచారం లేదనీ, చిత్రం కల్పిత రూపమనీ తెరపై ప్రకటన వేయించింది. 'నిజం' అన్న ముసుగు ఒక్క ప్రశ్నతో తొలగింది. వార్త వస్తే నిర్ధారించుకోండి, తెలియక ఎవరికైనా హాని చేసి తరువాత చింతించవద్దు అన్నది హుజురాత్ సూరాలో మనకు అందిన ఆదేశమే. అది సెల్‌ఫోన్ వీడియోలకూ వర్తిస్తుంది.

మంచి ఉదాహరణలు మన తెలుగునాటే ఉన్నాయి. 1980లో విడుదలైన 'మా భూమి'ని నిర్మించింది బి.నర్సింగరావు, దర్శకత్వం వహించింది బెంగాలీ అయిన గౌతమ్ ఘోష్. దానికి మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. 1984 హైదరాబాదు అల్లర్లపై దీపా ధన్‌రాజ్ తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' డాక్యుమెంటరీ 1986లో వచ్చింది. నెత్తుటి దృశ్యాలు చూపి ఊరుకోక, అల్లర్ల వెనుక రాజకీయాలేమిటని అది నిలదీసింది.

కొల్లేరు నేర్పే పాఠం

ఏకపక్ష చిత్రం ఎలా తయారవుతుందో తెలుసుకోవాలంటే మన కొల్లేరునే చూడవచ్చు. 1970లలో మత్స్యకారుల సహకార సంఘాలకు ప్రభుత్వమే చెరువులు తవ్వించి ఇచ్చింది. క్రమంగా చాలా చెరువులు డబ్బున్నవారి చేతుల్లోకి పోయాయి. 1999లో అయిదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చెరువు గట్లను పేల్చివేశారు. పక్షులను మాత్రమే చూపితే ఆ చర్య ఘనకార్యం. ఉపాధి పోయిన వడ్డి కులస్థుని ఇంటిని మాత్రమే చూపితే ఘోరం. పెట్టుబడి పెట్టినవాణ్ణి మాత్రమే పలకరిస్తే అన్యాయం. మూడు చిత్రాల్లోనూ అబద్ధం ఒక్కటీ ఉండదు. కొల్లేటి మనిషి మూడూ చూసి నవ్వుకుంటాడు, ఎందుకంటే అతనికి మొత్తం తెలుసు. చరిత్ర చిత్రాల విషయంలో మనం చేరుకోవలసిన స్థితి అదే.

అందుకు రెండు పనులు అవసరం. మొదటిది, ఇంట్లో పిల్లలతో కలిసి చూసి మాట్లాడడం. దీన్ని ఎవరు తీశారు? ఎన్నికల ముందే ఎందుకు వచ్చింది? ఎవరి మాట వినిపించలేదు? సంఖ్యలకు ఆధారమేది? ఈ నాలుగు ప్రశ్నలు చాలు. మనకు నచ్చిన చిత్రాన్నీ ఇవే ప్రశ్నలు అడగాలి.

రెండవది, మన కథను మనమే భద్రపరచుకోవడం. ఏలూరు తివాచీ నేత పర్షియా నుంచి వచ్చిన పూర్వీకులు తెచ్చిన విద్య అని చెబుతారు. ఆ మగ్గం మీద కూర్చున్న పెద్దల జ్ఞాపకాలు ఎన్ని రికార్డయ్యాయి? రెండవ ప్రపంచ యుద్ధకాలంలో తాడేపల్లిగూడెంలో విమానాల కోసం రన్‌వే వేసినప్పటి ముచ్చట్లు తాతల నోట విన్నవారి మాటలు ఎక్కడున్నాయి? నేడు ప్రతి యువకుని చేతిలోనూ కెమెరా ఉంది. పెద్దలు మాట్లాడే స్థితిలో ఉండగానే వారి పక్కన కూర్చుని, ఊరు, సంవత్సరం, పేర్లు అడిగి రికార్డు చేస్తే రేపటి చరిత్రకారునికి అదే సాక్ష్యమవుతుంది. మన గురించి మనం చెప్పకుండా వదిలేసిన చోటనే ఇతరుల కల్పన నిజమై కూర్చుంటుంది.