పేషెంట్ ప్రాణం తీసుకుంటే తప్పెవరిది?

సర్వర్ పడిపోతే మనం ముందు లాగ్ తీస్తాం. ఏ అలర్ట్ వచ్చింది, ఎవరు చూశారు, చూసి ఏం చేశారు? అదే ఆసుపత్రిలో చేరిన మనిషి ఆత్మహత్య చేసుకుంటే రెండే మాటలు వినిపిస్తాయి. బంధువులేమో "డాక్టరే చంపేశాడు" అంటారు. ఆసుపత్రి వాళ్ళేమో "పోదామనుకున్నవాణ్ణి ఎవరాపగలరు" అంటారు. నన్నడిగితే రెండూ తప్పే.

ఇంగ్లండులో రాబోన్ కేసు చూడండి. 2005లో 24 ఏళ్ళ అమ్మాయి డిప్రెషన్‌తో, తన ఇష్టంతోనే ఆసుపత్రిలో చేరింది. అప్పుడే ఇంటికి పంపొద్దని తల్లిదండ్రులు ఆందోళన పడుతున్నా రెండ్రోజుల సెలవిచ్చి పంపారు. ఆ సెలవులోనే చనిపోయింది. ప్రమాదం తెలిసినప్పుడు కాపాడే బాధ్యత ఆసుపత్రిదేననీ, తనంతట తానే చేరిందన్న సాకు చెల్లదనీ 2012లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. తల్లిదండ్రులకి చెరో 5,000 పౌండ్లు ఇప్పించింది. డబ్బు సంగతి అటుంచండి, ఆ చివరి తీర్పు రావడానికి వాళ్ళకి దాదాపు ఏడేళ్ళు పట్టింది.

థెరపిస్టుల సంగతి ఇంకా చిక్కు. పేషెంట్ వేరేవాళ్ళని చంపే ప్రమాదముంటే థెరపిస్టు చూస్తూ ఊరుకోకూడదని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది. కానీ పేషెంట్ తన ప్రాణమే తీసుకునేలా ఉంటే? ఇంట్లోవాళ్ళకి చెప్పి తీరాలన్న బాధ్యత లేదని 1978లో అక్కడి అప్పీలు కోర్టు అంది. అన్నీ ఇంట్లో చెప్పేస్తారంటే అసలు నోరు విప్పేదెవరు? అయితే వైద్యంలో నిర్లక్ష్యం చేస్తే కేసు వేయొచ్చని కూడా అంది.

మన దగ్గర 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా గోప్యత పాటించమంటుంది, ప్రాణానికి ముప్పుంటే అవసరమైనంత వరకు చెప్పొచ్చంటుంది. 1995 సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని వైద్యం మీద కన్స్యూమర్ కోర్టుకి వెళ్ళొచ్చు. కానీ అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రికి అది వర్తించదు. అంటే డబ్బు లేనివాడికి ఆ దారి మూసుకుపోయినట్టే! డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో అదే కోర్టు చెప్పింది. అది సబబే.

ఎందుకంటే, చావు జరిగింది కాబట్టి శిక్షించేద్దామంటే, రేపు ఏ డాక్టరూ ఇలాంటి పేషెంట్‌ని చేర్చుకోడు. చేర్చుకున్నా తాళం వేసి ఉంచుతాడు. చూడాల్సింది ఫలితాన్ని కాదు, చేసిన పనిని. ప్రమాదం ఎంతుందో అడిగారా? రాసుకున్నారా? ఇంట్లోవాళ్ళ మాట విన్నారా? డిశ్చార్జి తర్వాత మొదటి రోజులే మరీ ప్రమాదం కదా, ఒక్క ఫోనైనా చేశారా? ఇవన్నీ చేశాక కూడా ప్రాణం పోతే అది విషాదమే గానీ నేరం కాదు. ఇవేవీ చేయకపోతే మాత్రం "మా చేతుల్లో ఏముంది" అంటే కుదరదు.

మీరేమంటారు?

(మీకో, మీవాళ్ళకో అవసరమైతే టెలీ మానస్ నంబర్ 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.)