యాభై మందికే బొమ్మా?

అచ్చు అంటే ఏమిటో మనకు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. ఒకప్పుడు స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ మిషన్ తిప్పి, రాత్రికి రాత్రి కరపత్రాలు తీసినవాళ్లం. ఒక్కటి వెయ్యి కావడమే అచ్చు బలం. మరి బొమ్మను అచ్చేసి, యాభైతో ఆపేసి, కింద పెన్సిలుతో 7/50 అని రాస్తారే, దాన్నేమనాలి? యాభైలో ఇది ఏడోది అని అర్థం. ఆ తర్వాత రేకు మీద అడ్డగీతలు కొట్టి పనికిరాకుండా చేసేవాళ్లూ ఉన్నారు.

గిట్టక అంటున్న మాట కాదిది. ఆ పని గొప్పదే. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టి, 2018లో న్యూయార్క్‌లో చనిపోయిన కృష్ణారెడ్డినే చూడండి. పారిస్‌లో హేటర్ నడిపిన 'అటెలియే 17' పనిశాలలో కైకో మోటీ లాంటివాళ్లతో కలిసి కొత్త పద్ధతి తెచ్చారు. మామూలుగా రంగుకో రేకు కావాలి. వీళ్లు ఒక్క రేకునే యాసిడ్‌తో, పనిముట్లతో మెట్లుమెట్లుగా లోతు చేశారు. అవిసెనూనె కలిపి ఒక రంగును పల్చగా, ఒకదాన్ని చిక్కగా ఉంచారు. అప్పుడవి ఒకదాంట్లో ఒకటి కలవవు. గట్టి రోలరు పైమెట్టునే తాకుతుంది. మెత్త రోలరు గుంటదాకా దిగుతుంది. ఒక్కసారి ప్రెస్సులో నడిపితే రంగులన్నీ కాగితమెక్కుతాయి. 1963 నాటి ఆయన 'వర్ల్‌పూల్', అంటే సుడిగుండం, చూడండి. అందులో మనిషి లేడు, చెట్టు లేదు, నీళ్ల ఊపే ఉంది. అర్థం కాదని భయమెందుకు? వాగులో సుడి చూసినోళ్లం కామా మనం?

యాసిడ్, సిరా, తుడిచే గుడ్డ, తిప్పే చక్రం. ఇదంతా చేతిపని. పాతకాలం రేకుకు సిరా అద్దిన మెత్త కూడా తోలుదే. తోలు ముట్టిన చేతుల్ని ఈ దేశం ఊరి బయట పెట్టింది. అదే చేతిపని అద్దం వెనక చేరితే కళ అయింది!

అచ్చేసే కొద్దీ రేకు అరుగుతుంది, అందుకే అంకె అంటారు. కొంత నిజమే. కానీ చాలాసార్లు అరగకముందే ఆపేది అంగడి. తక్కువుంటేనే ధర. కళాకారుడూ బతకాలి, కాదనను. అసలు బొమ్మ మాకిమ్మని అడగడం లేదు. మ్యూజియాల్లో ఉన్న ఇలాంటి బొమ్మలకు మంచి నకళ్లు తీసి ప్రతి సర్కారు బడి గోడకూ పంపమంటున్నాం. గట్టి రోలరులాగా పైమెట్టునే తాకే చదువు ఇక చాలు.

మా బడిలో పిల్లలు బెండకాయ కోసి, రంగులో ముంచి పూలు అచ్చేస్తారు. ఒక పిల్ల అడిగింది: "సార్, ఇంకోటి ఎయ్యొచ్చా?"

ఎయ్యమన్నాను. కాగితాలు అయిపోయేదాకా వేసింది.