చలికాలమని గదిలోనే కూర్చోవద్దు

మన సంఘ కుటుంబాలలో కొందరి పిల్లలు కెనడాలో స్థిరపడ్డారు. చలికాలంలో వారి దగ్గరకు వెళ్ళిన తల్లిదండ్రులు నెలల తరబడి గదిలోనే ఉండి, మోకాళ్ళు పట్టేసి, షుగర్ పెరిగి, దిగులుతో తిరిగి వస్తున్నారు. “ఆ మంచులో చూడటానికి ఏముందమ్మా?” అంటారు. చాలా ఉందని మా అభిప్రాయం.

కాల్గరీ సంగతే చూడండి. ఊరి మధ్యగా బో నది పారుతుంది. ఊరి దగ్గర ఇది చలికాలంలోనూ పూర్తిగా గడ్డకట్టదు. అందుకే ఎన్నో బాతులు అక్కడే ఉండిపోతాయి. వాటి కోసం, చేపల కోసం బాల్డ్ ఈగిల్ అనే తెల్లతల గద్ద ఆకురాలిన చెట్లపై కాచుకుంటుంది. ఒడ్డునే 1929లో ఏర్పడిన ఇంగిల్‌వుడ్ పక్షుల రక్షణ కేంద్రం ఉంది. జింకలు, నక్కను పోలిన కొయోటీలు కూడా తిరుగుతాయి. జంతువు కనబడకపోయినా దాని జాడ మంచు మీద కనబడుతుంది. రెండుగా చీలిన గిట్ట గుర్తు జింకది. ఉలితో చెక్కినట్టు కొరికిన చెట్టు మొదలు బీవర్ పని. బీవర్ నీటి ఒడ్డున ఉండే, బల్లపరుపు తోక గల జంతువు.

“రోజూ నడవండి” అని మేము వార్డులో చెబితే నాలుగు రోజులు నడిచి మానేస్తారు. ఈ రోజు ఏం కనబడుతుందో అనే ఆశ ఉంటే కాళ్ళు వాటంతటవే కదులుతాయి.

అయితే ఈ జాగ్రత్తలు తప్పనిసరి:

• గుండెజబ్బు, బి.పి., ఉబ్బసం ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. చలికి రక్తనాళాలు ముడుచుకుని బి.పి. పెరుగుతుంది. చలి మరీ ఎక్కువైన రోజు వెళ్ళవద్దు.

• ముక్కు, చెవులు, చేతులు కప్పుకోవాలి. జారని బూట్లతో చిన్న అడుగులు వేయాలి. ఒంటరిగా వెళ్ళవద్దు.

• వేళ్ళు తిమ్మిరెక్కి పాలిపోతే వెంటనే లోపలికి రావాలి. రుద్దకూడదు, మంట దగ్గర కాచకూడదు.

• షుగర్ ఉన్నవారు ఇంటికి రాగానే పాదాలు చూసుకోవాలి.

• నది మీది మంచుగడ్డపై అడుగు పెట్టవద్దు.

• జంతువుల దగ్గరకు పోవద్దు. బాతులకు రొట్టె వేయవద్దు. దానితో కడుపు నిండుతుంది గాని బలం రాదు.

పిల్లలకు మా మనవి. అమ్మానాన్నలను షాపింగ్ మాల్‌కు ఎలాగూ తీసుకువెళతారు. వారానికి ఒక్కరోజు నది ఒడ్డుకూ తీసుకువెళ్ళి, వారితోపాటు మెల్లగా నడవండి.