టాపు కన్నా ముందు ఆర్సీ

ఘాజియాబాద్‌లో మే నెల మధ్యాహ్నం టాపు తీసిన బండి నడపడమంటే పెనం మీద కూర్చోవడమే. 45 డిగ్రీల ఎండలో, వడగాడ్పుల్లో ఆ సరదా తెల్లవారుజామున ఓ గంటే. అయినా మోజు తీరనివారికి, విదేశీ కన్వర్టబుల్ స్తోమతకు మించినవారికి పాత బండ్ల బజారులో మిగిలేవి ప్రధానంగా రెండే: మారుతి జిప్సీ, మహీంద్రా థార్. (గోవాలో తయారైన బుల్లి శాన్ స్టార్మ్ ఎక్కడైనా దొరికినా విడిభాగాల కోసం ఊళ్లు తిరగాలి.)

చూడాల్సింది రంగు కాదు, రిజిస్ట్రేషన్ తేదీ. ఎన్‌సీఆర్‌లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. బీఎస్-4, ఆపై ప్రమాణాల వాహనాలను కేవలం వయసు పేరిట పట్టుకోరాదని 2025 డిసెంబరులో ఊరటనిచ్చింది. బీఎస్-3, అంతకన్నా పాతవాటికి ఆ రక్షణ లేదు. ఎన్‌సీఆర్‌లో బీఎస్-4 అమల్లోకి వచ్చింది 2010లో. అంటే చవగ్గా వస్తున్న పాత జిప్సీ చాలామటుకు ఇంటిముందు అలంకారమే. ధర ఎక్కువైనా 2020లో వచ్చిన రెండో తరం పెట్రోలు థారే నయం. దానికీ గుడ్డ టాపు ఉంటుంది.

బేరమాడేముందు ఆ టాపు మీద రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి చూడాలి. కుట్లు ఊడిన సంగతి ఎండాకాలంలో ఏ అమ్మకందారూ చెప్పడు.