విశ్వవిద్యాలయాల నెట్‌వర్కు ఎవరి ఆస్తి?

దేశం డిజిటల్ ప్రగతి సాధించాలంటే విశ్వవిద్యాలయ ప్రాంగణాల నెట్‌వర్కులను ఆధునీకరించక తప్పదని పాలకులు చెబుతున్నారు. మనం కాదనడం లేదు. కార్మిక సంఘాలు 1980లలో కంప్యూటర్లకు అడ్డుపడ్డాయని నేటికీ ఎత్తిపొడిచేవారున్నారు. యంత్రం వస్తే మనిషి గతి ఏమిటని ఆనాడు అడిగాం. ఆ ప్రశ్నకు జవాబు నేటికీ రాలేదు. ఇప్పుడు మరొకటి అడుగుతున్నాం: ఈ నెట్‌వర్కు ఎవరి చెమటతో ఏర్పడింది, ఎవరి చేతికి పోతున్నది, ఎవరి పిల్లలకు అందుతున్నది?

సూరత్‌కు దక్షిణాన, ముంబయి–అహ్మదాబాద్ మార్గం మీద ఉన్న సచిన్‌ను తీసుకుందాం. ఒకనాటి చిన్న సంస్థానం. నేడు బట్టల మిల్లులతో, రంగుల కర్మాగారాలతో కిక్కిరిసిన పారిశ్రామికవాడ. ఆ స్టేషను గుండా పోయే రైలు మార్గం పక్కన, భూమిలో, ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ఉన్నది. అది రైల్వే శాఖ 2000లో స్థాపించిన రైల్‌టెల్ సంస్థది. దేశమంతటా ఇటువంటి కేబుల్ 60 వేల రూట్ కిలోమీటర్లకు పైబడి ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2010 మార్చిలో 5,990 కోట్ల రూపాయలతో జాతీయ జ్ఞాన నెట్‌వర్కును ఆమోదించి, విశ్వవిద్యాలయాలను, పరిశోధనాలయాలను కలపడానికి పూనుకున్నప్పుడు తీగలు ఎక్కడి నుండి వచ్చాయి? రైల్‌టెల్, బి.ఎస్.ఎన్.ఎల్., పవర్ గ్రిడ్ సంస్థల నుండి. మూడూ ప్రజాధనంతో నిర్మించినవే. సూరత్‌లోని సర్దార్ వల్లభ్‌భాయ్ జాతీయ సాంకేతిక సంస్థలో పరిశోధకుడు విదేశీ ప్రయోగశాలతో క్షణంలో సంభాషిస్తున్నాడంటే, దాని వెనుక కందకం తవ్విన కూలీ ఉన్నాడు. మూడో లైను పనుల్లో జె.సి.బి. కేబుల్ తెంపితే అర్ధరాత్రి లాంతరు పట్టుకుని అతుకు వేసే సిగ్నల్, టెలికాం సిబ్బంది ఉన్నారు. ప్రారంభోత్సవ శిలాఫలకాల మీద వీరి పేర్లు ఎన్నడూ చెక్కరు.

ఇప్పుడు ఆ ఆస్తి ఏ దారి పడుతున్నదో చూడండి. 2021 ఫిబ్రవరిలో రైల్‌టెల్‌లో 27 శాతానికి పైగా వాటాను మార్కెట్టులో అమ్మారు. అదే ఏడాది ఆగస్టులో ప్రకటించిన జాతీయ మోనెటైజేషన్ పైప్‌లైన్‌లో భారత్‌నెట్, బి.ఎస్.ఎన్.ఎల్. ఫైబర్‌ను 2.86 లక్షల కిలోమీటర్ల మేర చేర్చారు. అమ్మకం కాదు, కౌలు మాత్రమే అంటారు. కౌలుకిచ్చిన పొలం తిరిగి చేతికి రావడం ఎంత కష్టమో మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు! 1985 వరకు తపాలా ఉద్యోగులతో ఒకే తంతి తపాలా శాఖలో ఉన్న టెలికాం సోదరుల వారసులు, బి.ఎస్.ఎన్.ఎల్. ఉద్యోగులు, 78 వేల మందికి పైగా 2020 జనవరి 31న స్వచ్ఛంద విరమణ పేరిట ఇంటికి పోయారు. తీగ మిగిలింది, దానిని ఎరిగిన చేతులు పోయాయి.

ప్రాంగణాల లోపలి కథ కూడా ఇదే దారిలో నడుస్తున్నది. ఆధునీకరణ అంటే టెండరు పిలిచి స్విచ్చులు, వై-ఫై పెట్టెలు కొనడమే అయిపోయింది. కొన్న పెట్టెకు ఏటేటా లైసెన్సు రుసుము. కొన్నేళ్ళకు కంపెనీ ఆ నమూనాకు మద్దతు మానగానే మళ్ళీ కొత్త టెండరు. పెట్టెలకు కోట్లు దొరుకుతాయి, వాటిని నడిపే ఇంజనీరుకు శాశ్వత పోస్టు దొరకదు. ఏజెన్సీ కుర్రవాడు పదకొండు నెలల కాగితం మీద పనిచేస్తాడు. తపాలా కౌంటరులో లింకు తెగితే తిట్లు తినేది గుమాస్తా అయినట్లే, పరీక్షల వేళ సర్వరు ఆగితే మాట పడేది అతడే. 1984లో ఏర్పడిన సి-డాట్ ఈ దేశపు ఇంజనీర్లతోనే గ్రామీణ ఎక్స్ఛేంజీ తయారు చేసి చూపింది. ఆ సామర్థ్యం నేడు విశ్వవిద్యాలయాల అవసరానికి ఎందుకు పనికిరాదు?

అన్నిటికన్నా పెద్ద అన్యాయం అనుబంధ కళాశాలలది. సమాచార సాంకేతికత ద్వారా విద్య అనే జాతీయ మిషన్‌ను 2009 ఫిబ్రవరి 3న మన తిరుపతిలోనే ప్రారంభించారు. అందులో విశ్వవిద్యాలయానికి సెకనుకు 1 గిగాబిట్ ఫైబర్. కళాశాలకు 512 కిలోబిట్ల బ్రాడ్‌బ్యాండు కనెక్షన్లు. వైషమ్యం పథకపు పుట్టుకలోనే ఉన్నది. దేశంలో డిగ్రీ చదివే పిల్లలలో అత్యధికులు కళాశాలల్లోనే ఉన్నారు. సూరత్‌లోని వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం కూడా అనుబంధ కళాశాలల మీద నిలిచినదే. ప్రాంగణంలో వేగం పదింతలు చేసి, అక్కడే ఆగిపోతే దానిని దేశ ప్రగతి అనడానికి మాకు నోరు రాదు.

వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు తరాలుగా సూరత్ మగ్గాల మీద బతుకుతున్నారు. వారి పిల్లల కోసం ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతున్నది, మెచ్చుకోదగిన పని. ఆ పిల్లవాడు పన్నెండు గంటల షిఫ్టు ముగించిన తండ్రి ఫోనులో మిగిలిన డేటాతో పాఠం చూడాలా? అతని ఇంటికి కూతవేటు దూరంలో, పట్టాల పక్కన, జాతి మొత్తానికి సరిపోయే వెలుగు తీగ పరుగెడుతున్నది.

రైలు స్టేషనులో దిగే ఫైబరు కళాశాల గుమ్మం దాకా పోవాలి. అది ప్రభుత్వ సంస్థల చేతిలోనే ఉండాలి. దానిని కాపాడేవారికి శాశ్వత ఉద్యోగాలుండాలి. సాయంత్రాలు కళాశాల గ్రంథాలయం కార్మికుల పిల్లలకు తెరవాలి. ఇది సూరత్‌కు ఎంత వర్తిస్తుందో కాజీపేటకు, గుంతకల్లుకు అంతే వర్తిస్తుంది. కనుక రైల్వే శాఖలు తమ స్టేషను నుండి దగ్గరి ప్రభుత్వ కళాశాల ఎన్ని మీటర్ల దూరమో కొలవాలి. తపాలా శాఖలు తమ బట్వాడా పరిధిలోని కళాశాలల్లో ఏ కనెక్షను ఉన్నదో, నెలలో ఎన్ని రోజులు పనిచేస్తున్నదో విచారించాలి. ఆ వివరాలు ఒక పోస్టుకార్డు మీద రాసి ఫెడరేషన్ కార్యాలయానికి పంపండి. వినతిపత్రంలో అంకెలు మనవే ఉండాలి.